నీళ్ళడగని పూలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు పటాన్‌చెరులో అది చెప్పాపెట్టకుండా అంతకు ముందే పోయింది. మాఘమాసం ముగియకుండానే మధ్యాహ్నాలు పెనంలా కాలడం మొదలైంది.

మా ఆయన కామరాజుగారు ఫోర్‌మన్‌గా పనిచేసిన ఫ్యాక్టరీకి తాళం పడి అప్పటికి అది రెండో వేసవి. తోటివాళ్ళు చాలామంది ఎక్కడో ఒకచోట కుదురుకున్నారు. ఈయన మాత్రం రేపో మాపో గేటు తెరుస్తారన్న నమ్మకంతో ఉండిపోయారు. పొద్దున్నే షిఫ్టుకు వెళ్ళేవాడిలా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, వీధి గుమ్మం దాకా నడిచి, అక్కడ ఏం చేయాలో తోచక వెనక్కి వచ్చేవారు.

ఉగాదికి మా అన్నయ్య నరసరాజు తణుకు నుంచి వచ్చాడు. భోజనాల దగ్గర మెల్లగా విషయం ఎత్తాడు.

“బావగారూ, ఆయ్, నా మాట వినండి. మిల్లులో గుమాస్తా వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలో పరాయివాడు కూర్చోవడమెందుకు? మృగశిరకు నేనే వస్తాను. సామాను లారీకెత్తించి మిమ్మల్నిద్దర్నీ తీసుకుపోతాను.”

“అలాగే,” అన్నారు ఈయన.

ఆ తరువాత ఆయన చెయ్యి అన్నంలో ఊరికే తిరిగింది గాని ముద్ద నోటికి వెళ్ళలేదు. బావమరిది మిల్లులో బావ గుమాస్తా. అన్నయ్య మనసులో ఏ కల్మషమూ లేదు. కాని మా వైపు ఊళ్ళలో ఆ కుర్చీని ఎవరెలా చూస్తారో మా ముగ్గురికీ తెలుసు.

ఆ వారంలోనే సూర్యారావుగారు వచ్చారు. పాత ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో హాజరు పట్టీలు చూసేవారు. తాళం పడకముందే పాశమైలారంలో కట్టే బిస్కెట్ల ఫ్యాక్టరీకి మారి అక్కడ ఆఫీసరయ్యారు. ఫ్యాను కింద కూర్చుని, మంచినీళ్ళు గటగటా తాగి, తన గోడు చెప్పుకున్నారు.

“జూన్ మొదట్లో ప్రారంభోత్సవం రాజుగారూ. బొంబాయి నుంచి పెద్దాయన వస్తున్నాడు. గేటు నుంచి ఆఫీసు దాకా ప్రహరీ గోడ వెంట పూలుండాలన్నాడు. సిటీ నర్సరీవాళ్ళను పిలిపించి గులాబీలు పెట్టించాను, గడ్డి పరిపించాను. గులాబీలు మాడిపోయాయి. గడ్డిని చాపలాగా చుట్టి బయట పారేయించాను. ఇప్పుడు ఎవడూ రానంటున్నాడు.”

“గోడ పడమటి వైపా అన్నయ్యగారూ?” అన్నాను.

“ఆ, పడమరే. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా కాలుతుంది.”

“నీళ్ళు?”

“బోరు నీళ్ళు ఉప్పన. మంచినీళ్ళ ట్యాంకరు వస్తుంది గాని, కాంక్రీటు పనికి పోగా మిగిలితేనే.”

“నేను వేస్తాను.”

మా ఆయన నా వైపు చూశారు. సూర్యారావుగారు నవ్వారు. భీమవరం కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను నేను. ఆ చదువు అప్పటిదాకా కరివేపాకు దూయడానికే పనికొచ్చింది.

“ఇది పెరట్లో కనకాంబరాల మడి కాదు చెల్లెమ్మా,” అన్నారాయన. మళ్ళీ కాసేపు ఆలోచించి, “సరే, నాకూ వేరే దారి లేదు. ప్రారంభం నాటికి గేటు ముందు రంగు కనబడితే ఆ తోట పని మీ ఇద్దరికే. ఏటా మీదే. కనబడకపోతే అద్దెకు కుండీలు తెప్పించుకుంటాను. నా మీద కోపం తెచ్చుకోవద్దు,” అన్నారు.

ఆయన వెళ్ళాక తణుకు లారీకీ మాకూ మధ్య ఆ గోడ ఒక్కటే అడ్డం నిలిచిందని ఇద్దరికీ అర్థమైంది.

మర్నాటి నుంచి నేను ఎండలో తిరగడం మొదలుపెట్టాను. పుస్తకాల జోలికి పోలేదు. నా మనసులో ఉన్నది ఒకటే ప్రశ్న. నీళ్ళు పోసే చెయ్యి లేని చోట ఏది నిలిచి ఉంది? బస్టాండు వెనక, ఎవరూ ముక్కు మూసుకోకుండా నిలవలేని గోడ పక్కన, గన్నేరు గుత్తులు గుత్తులుగా పూసింది. పోలీసు స్టేషను ఆవరణలో పట్టుకొచ్చి పడేసిన లారీ టైరులో ఇంత దుమ్ము చేరితే, ఆ దుమ్ములో బిళ్ళగన్నేరు లేచింది. తురకల శ్మశానంలో దేవగన్నేరు ఒక్క ఆకు లేకుండా, బోడి కొమ్మల చివర తెల్లటి పూలు పెట్టుకుని, ఆ ఎండలో చల్లగా నిలబడి ఉంది.

అక్కడ చూస్తూ నిలబడితే వెనక నుంచి ఎవరో పలకరించారు.

“ఏందమ్మా, గీ ఎండల బర్రె గిట్ల తప్పిపోయిందా?”

మొగులమ్మ. లక్డారం మనిషి. ఆమె భర్త సత్తయ్య మూతపడ్డ మా ఫ్యాక్టరీకి కావలివాడు. అతనికి సద్ది పట్టుకుపోతోంది.

“మొక్కలు చూస్తున్నాను మొగులమ్మా.”

“మొక్కలా! మా ఆయన కాడికి రా, సూపిస్త. మనుషులు పోయినంక గా కంపినీల చెట్లకు పెత్తనమొచ్చింది.”

సత్తయ్య చిన్న గేటు తీశాడు. ఆయుధపూజలకు మా ఆయనతో కలిసి చాలాసార్లు వచ్చిన చోటే అది. అయినా లోపలికి అడుగుపెట్టాక దారి పోల్చుకోలేకపోయాను. ఒకప్పుడు పచ్చగా ఉన్న గడ్డి కొబ్బరిపీచు పరిచినట్టుంది. మేనేజరు గది ముందు గులాబీలు, పేర్లు రాసిన రేకులు మెడలో వేలాడుతుండగా, పుల్లలై నిలబడ్డాయి. క్రోటన్ల కుండీల్లో మట్టి ఎండి, అంచులొదిలేసి, గట్టి ముద్దయింది. అశోక చెట్ల కొసలు కాలిపోయాయి. నీళ్ళు కావాలన్నవన్నీ అడిగి అడిగి పోయాయి.

మూల తిరిగితే సైకిళ్ళ స్టాండు. అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి.

స్టాండు కనబడలేదు. కాగితం పూల తీగ రేకుల కప్పు ఎక్కి, అవతలికి దిగి, ప్రహరీ మీదుగా పాకి, మొత్తం రాణి రంగు అయిపోయింది. వెతికినా ఆకు లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ తక్కినచోట్ల కళ్ళు పొడుస్తోంది. ఇక్కడ మాత్రం పడ్డ ఎండంతా ఆ పూలు మింగి, మింగిన కొద్దీ మండుతున్నట్టుంది. వడగాలి విసిరితే పొడిపొడిగా గలగలమంది. రెండేళ్ళు ఒక్కరూ చూడకపోయినా, ఎవరి కోసమో తెలియకుండా, ఇంత వైభవం ఇక్కడ నడుస్తోంది. నాకు భక్తి కలిగిందో భయం వేసిందో చెప్పలేను. చెప్పులు విడిచాను. అరికాళ్ళు చుర్రుమంటే మళ్ళీ తొడుక్కున్నాను.

“అయ్యో దేవుడా, మొక్కుతున్నవా ఏందమ్మా!” అని మొగులమ్మ విరగబడి నవ్వింది. నవ్వి, తనూ కొంగు తల మీదికి లాక్కుని అటే చూస్తూ ఊరుకుంది.

ఇంటికొచ్చి చెప్తే ఈయన నమ్మలేదు.

“సత్తయ్య పోస్తుంటాడు నీళ్ళు.”

“తాగడానికే ఇంటి నుంచి తెచ్చుకుంటున్నాడండీ.”

“స్టాండు ఏ మూల?”

“మీరు సైకిలు పెట్టే మూలే. అక్కడే మరీ ఎక్కువ.”

మర్నాడు నేను బయల్దేరుతుంటే చొక్కా వేసుకుని ఆయనా వచ్చారు.

ఇస్నాపూర్ దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన నర్సన్న నర్సరీ. పచ్చవల కింద నిగనిగలాడే మొక్కలన్నీ మాకు చూపించాడు. “బెంగుళూరు మాలమ్మా. ముట్టుకుంటె మాసిపోతయి.” నేను వాటిని దాటి మోటారు గది వెనక్కి వెళ్ళాను. కాగితం పూల సంచులు ఎండలో వరసగా పడి ఉన్నాయి. ఆకులు సగం రాలాయి. ఉన్నవి వేలిగోరంత.

“గవా? గవి పడేసినయమ్మా. మోటరు కాలిన కాడినుంచి గటు దిక్కు పైపు పోలే.”

“అందుకే అవి కావాలి.”

నర్సన్న మా ఆయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “సారూ, అమ్మకు ఎండ గిట్ల తాకిందా?”

“ఆవిడ డిగ్రీ చదివిందయ్యా,” అన్నారీయన, మొహమాటంగా.

“గట్ల చెప్పున్రి మరి,” అన్నాడు నర్సన్న, రోగం పేరు తెలిసినట్టు.

నేను ఒక్కొక్క సంచీ ఎత్తి చూశాను. వేళ్ళు సంచి చీల్చుకుని నేలలోకి దిగినవి వదిలేశాను. పీకితే బతకవు. మొదలు గట్టిగా, కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నవే తీశాను. రాణి రంగు ఒక్కటే. ఆ ఎండలో తెలుపు కంటికి ఆనదు, లేత రంగులు వెలిసినట్టుంటాయి. గోడ వెంట ఇవి, వీటి వెనక గన్నేరు, ముందు బిళ్ళగన్నేరు, గేటుకు అటూ ఇటూ దేవగన్నేరు. సిటీ నర్సరీవాళ్ళు మెచ్చుకునే మొక్క ఒక్కటి కూడా లేదు.

పాశమైలారంలో నాటడానికి పోతే మూరెడు లోతున రాయి తగిలింది. ఈయన గునపం తీసుకున్నారు. రెండేళ్ళ తరువాత ఆయన చేతుల్లో ఇనుము చూడటం అదే. రాతిలో గుంట తవ్వితే గిన్నె అవుతుంది, నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయని నేను చెప్తే, ప్రతి గుంటకూ పల్లం వైపు చిన్న గాడి కొట్టారు. చేతిపని శుభ్రంగా ఉంది. కాని మొహానికి తువ్వాలు చుట్టుకున్నారు. పాత షిఫ్టువాళ్ళు ఆటోల్లో ఆ రోడ్డునే వేరే ఫ్యాక్టరీలకు పోతారు. ఎవరైనా పిలుస్తారేమోనని రోడ్డుకు వీపు పెట్టి తవ్వారు.

మొక్కలు నిలదొక్కుకుని, ఒకటీ అరా పువ్వు చూపిస్తున్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. మంచం మీంచే ఆయనకు అప్పగింతలు పెట్టాను. “పొద్దున్నే మొక్క మొదట్లో ఒక్కో చెంబు. వారం పోయాక అదీ రోజు విడిచి రోజు. అంతేనండీ.”

“నాకు తెలుసులే, పడుకో.”

రోజూ సాయంత్రం మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో వచ్చేవారు. ఎలా ఉన్నాయంటే “పచ్చగా ఉన్నాయి హైమా,” అనేవారు. మొహంలో ఎన్నాళ్ళుగానో లేని తేట కనబడేది. జ్వరం మగతలో నాకు ఆ తేటే కనబడింది.

లేచి నడిచే ఓపిక వచ్చాక ఆటోలో వెళ్ళి దిగాను. గోడ పచ్చగానే ఉంది. కాగితం పూల మొక్కలు అరచేయంత ఆకులేసి, మనిషెత్తున పూతలేని నీటి కొమ్మలు చాచి ఊగుతున్నాయి. పువ్వన్నది లేదు. ఉన్నవన్నీ కింద రాలి బురదలో అంటుకుపోయాయి. ముందు వరసలో బిళ్ళగన్నేరు కొన్ని మొదలు కుళ్ళి వాలిపోయాయి.

మొగులమ్మ అప్పటికి అక్కడ ఊడ్చే పనిలో చేరింది. చీపురు ఆపి, “సారు బిందెలకు బిందెలు మోసిండమ్మా. ట్యాంకరోనితోని దోస్తాన గట్టిండు. నా లగ్గంల గూడ మావోల్లు గిన్ని నీళ్ళు మొయ్యలే,” అంది.

ఈయన తల దించుకున్నారు.

“మధ్యాహ్నం ఆకులు వేలాడేసేవి హైమా. గోదారి కాలవ పక్కన పుట్టినవాణ్ణి, దాహంతో ఉన్నదాన్ని చూస్తూ ఎలా నిలబడను? పోస్తే లేచేవి. నేను పోస్తే లేచేవి.” పక్కనున్న బిందెను అటు జరిపి అన్నారు. “ఇంకేం పనుంది నాకు?”

నేను కొడవలి అడిగి తీసుకుని నీటి కొమ్మలు కోశాను. “ఇవాళ్టి నుంచి వద్దండీ. చుక్క కూడా వద్దు. దానికి నీళ్ళు దొరికితే ఆకే వేస్తుంది. దొరకవని తెలిస్తేనే పూస్తుంది,” అన్నాను.

సూర్యారావుగారు వచ్చి చూసి, “గోరింటాకు కంచెలా ఉందేంటి చెల్లెమ్మా!” అన్నారు. అద్దె కుండీలకు చెప్పి ఉంచుతానని, ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడకుండా వెళ్ళిపోయారు.

రోహిణి కార్తె రాకముందే ఆ ఎండలు వచ్చేశాయి. రోళ్ళు పగిలే ఎండలంటారు. రోడ్డుకు ఇవతల టీ కొట్టు తాటాకుల నీడలో కూర్చుని మేమిద్దరం ఆ గోడను చూస్తూ ఉండేవాళ్ళం. పది దాటగానే ఆకులు ముడుచుకునేవి. సాయంత్రానికి కాస్త తేరుకునేవి. తరువాత సాయంత్రాలు కూడా తేరుకోవడం మానేశాయి.

“ఒక్క చెంబుడు?” అనేవారీయన.

“వద్దు.”

“చచ్చిపోతే?”

“పోవచ్చు.”

మాట గట్టిగానే అనేదాన్ని. లోపల అంత గట్టి లేదు. పడుకుంటే తణుకులో రైసుమిల్లు గేటు, దాని పక్కన బల్ల, బల్ల వెనక ఈయన కనబడేవారు. ఆకులు రాలడం మొదలైంది. పచ్చవి, పండువి అన్న తేడా లేకుండా రాలిపోయి ముళ్ళ కంపలు మిగిలాయి. ఒక సాయంత్రం నేనే తట్టుకోలేకపోయాను. టీ కొట్టు తొట్టిలోంచి చెంబు ముంచుకుని రోడ్డు దాటాను. మొదట్లోకి వంగాను.

నా మణికట్టు మీద చెయ్యి పడింది.

“వద్దన్నావుగా,” అన్నారు ఈయన.

గట్టిగా పట్టుకోలేదు. ఊరికే ఆనించారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. చెంబు తీసుకెళ్ళి తిరిగి తొట్టిలో వంచి, నా పక్కన కూర్చున్నారు. చీకటి పడేదాకా ఇద్దరం ఆ కంపల్ని చూస్తూ కూర్చున్నాం.

ఆ తరువాత కొన్నాళ్ళకు కణుపుల్లో నూకల్లాంటివి కనబడ్డాయి. ముట్టుకుని చూస్తే మెత్తగా ఉన్నాయి. ఆయనకు చెప్పలేదు. ఆయనా చూశారట, నాకు చెప్పలేదు.

వడగాడ్పు మూడు రోజులు తెరిపి లేకుండా కొట్టింది. ఇళ్ళలోంచి జనం కదల్లేదు. గాడ్పు తగ్గిన పొద్దున ఆయన నాకంటే ముందు సైకిలు మీద వెళ్ళిపోయారు. నేను ఆటోలో మలుపు తిరిగేసరికి ముందు రోడ్డు మీద ఎండమావులే కనబడ్డాయి, నీళ్ళ మడుగుల్లా. ఆ మడుగుల అవతల గోడ లేదు.

గేటు నుంచి చివరిదాకా రాణి రంగు పొంగి నిలబడింది. ఒక్కో కొమ్మా మొదలు నుంచి కొస దాకా పూలే. ముళ్ళు మునిగిపోయాయి. ఇన్నాళ్ళూ ఆ నేలకు మేము ఇవ్వకుండా బిగపట్టినదంతా అది ఎక్కడి నుంచి తెచ్చుకుందో, రాయిని అడిగిందో, ఎండనే తాగిందో. కాలేజీలో దాని కుటుంబం పేరు, పూరేకుల్లా కనబడేవి నిజానికి ఆకులన్న సంగతి చదివి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పొద్దున అవేవీ దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఆటోవాడు డబ్బులడగడం మరిచి, “అబ్బ! మొన్న లేవు గదమ్మా ఇవి!” అన్నాడు.

ఈయన వాటి ముందు నిలబడి ఉన్నారు, రోడ్డు వైపు తిరిగి. మొహానికి తువ్వాలు లేదు. పక్క నుంచి పోతున్న ఆటోలోంచి ఎవరో తల బయటికి పెట్టి కేకేశారు.

“రాజు సార్! నమస్తే! గీడున్నరా మీరు?”

“ఇక్కడే ఉన్నా! దిగి చూసి పో!” అని ఈయన అరిచారు. ఫ్యాక్టరీలో యంత్రాల మోతను దాటి వినబడే గొంతు అది. నేను మరిచిపోయాను ఆ గొంతును.

ప్రారంభం రోజు అద్దె కుండీలు కూడా వచ్చాయి. వేదిక పక్కన పెట్టారు. మధ్యాహ్నానికి తలలు వేలాడేశాయి. బొంబాయి పెద్దాయన కారు దిగి, గోడ దగ్గరికి నడిచి, ఒక పువ్వు తుంచి వేళ్ళ మధ్య నలిపి, అసలు పువ్వేనా కాగితమా అని హిందీలో అడిగాడు. సూర్యారావుగారు అందరికంటే గట్టిగా నవ్వారు. ఆయన మాట నిలబెట్టుకున్నారు.

మృగశిర నాడు చేపలు తినాలంటూ మొగులమ్మ తెచ్చి ఇచ్చింది. అదే రోజు అన్నయ్య వచ్చాడు. సామాను కట్టి లేకపోవడం చూసి, నా మొహం చూసి, ఏదో అడగబోయాడు. “ముందు రా బావా, ఒకటి చూద్దువుగాని,” అని ఈయన ఆటో పిలిచారు.

అన్నయ్య గోడ ముందు దిగి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూశాడు. చివరికి, “ఎంతమందిని పెట్టారు బావగారూ నీళ్ళు పోయడానికి?” అన్నాడు.

“ఒక్కణ్ణీ పెట్టలేదు.”

“మరి మీరేం చేస్తారు ఇక్కడ?”

“మొక్క ఎంచడం మీ చెల్లెలి పని. నీళ్ళు పోయకుండా ఉండటం నా పని.”

అన్నయ్య పకపకా నవ్వి నా వైపు తిరిగాడు. ఈయన నవ్వలేదు.

“నవ్వకు బావా. నీవల్ల కాదు.”

అన్నయ్య నవ్వు మెల్లగా ఆగింది. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. లారీ మాట మళ్ళీ ఎత్తలేదు. దక్షిణం వైపు మబ్బు పట్టి, మట్టివాసన మోసుకుని చల్లగాలి వచ్చింది. కొమ్మలు ఊగి కొన్ని పూలు మా కాళ్ళ మీదికి కొట్టుకొచ్చాయి.

“వాన పడితే ఇదంతా రాలిపోతుందేమో బావగారూ?” అన్నాడు అన్నయ్య, దిగులుగా.

“రాలిపోతుంది,” అన్నారు ఈయన, మబ్బువైపు చూస్తూ. “ఏం పర్లేదు. మళ్ళీ ఎండలొస్తాయిగా.”